నేల మీద నేర్చిన తొలి పట్టు: జగజ్జెట్టి గామా పహిల్వాన్ జీవితం

ఉగాది వెళ్ళి జాతరల రోజులు వచ్చాయంటే నిజామాబాద్, కామారెడ్డి ప్రాంతాల పల్లెల్లో కుస్తీ గోదాలు సిద్ధమవుతాయి. డప్పుల మోత మధ్య అన్నిటికంటే ముందు జరిగేది కొబ్బరికాయ కుస్తీ. మీసం మొలవని పిల్లలు చొక్కాలు విప్పి మట్టిలో దిగుతారు. గెలిచినవాడికి కొబ్బరికాయ బహుమానం. పొద్దుగూకే వేళకు పేరుమోసిన వస్తాదుల మధ్య వెండి కడెం కుస్తీ జరుగుతుంది. జనం ఎదురుచూసేది కడెం కుస్తీ కోసమే. కాని ఆ కడెం తొడుక్కునే వస్తాదు కూడా ఒకనాడు కొబ్బరికాయ కుస్తీలో మట్టి కరిచినవాడేనన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

ప్రపంచాన్ని గెలిచిన గామా పహిల్వాన్ కూడా అలా మట్టిలో దొర్లి నేర్చుకున్నవారే. ఆయన పుట్టినది మే 22. కన్నుమూసినది మే 23. ఈ రెండు తేదీలు పక్కపక్కనే రావడం ఒక విశేషం. యాభై ఏళ్ళకు పైగా గోదాలో నిలిచిన ఆ జగజ్జెట్టికి చిన్నతనంలో కుస్తీ ఎలా నేర్పారన్నది, కొడుకులను తాలింఖానాకు పంపే తల్లిదండ్రులు, వారికి నేర్పే వస్తాదులు తెలుసుకోదగిన విషయం.

తండ్రి లేని పిల్లవాడు

గామా అసలు పేరు గులాం మహమ్మద్. 1878లో పంజాబులోని అమృతసర్ ప్రాంతంలో, కాశ్మీరు నుంచి వచ్చి స్థిరపడిన ముస్లిం మల్లయోధుల కుటుంబంలో జన్మించారు. తండ్రి అజీజ్ బక్ష్ దతియా సంస్థానంలో పేరున్న వస్తాదు. కొడుకును తనంతవాడిని చేయాలని ఆయన కలలు కన్నారు. కాని గామాకు సుమారు ఆరేళ్ళ వయసులోనే తండ్రి చనిపోయారు.

తల్లి తండ్రి అయిన నూన్ పహిల్వాన్ మనుమడిని చేరదీశారు. ఆయన కూడా ఎక్కువ కాలం బతకలేదు. అప్పుడు మేనమామ ఈదా పహిల్వాన్ ఆ భారం తలకెత్తుకున్నారు. తండ్రి కన్న కలను తాను నెరవేర్చాలని ఆ మేనమామ పట్టుదల. తండ్రిని పోగొట్టుకున్న గామా, ఆయన తమ్ముడు ఇమాం బక్ష్ ఇద్దరూ ఆ నీడలోనే పెరిగారు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. పిల్లవాడిలో సత్తా ఉందని తెలిసినా పెద్దలు వెంటనే పందెపు కుస్తీలకు దింపలేదు. ముందు ఒళ్ళు గట్టిపడాలని దండీలు, బస్కీలు తీయించారు. పాలు, బాదం, పళ్ళరసం పెట్టారు. అఖాడా మట్టిని పారతో తవ్వించారు. తవ్వకం కూలిపని కాదు, అదీ సాధనలో భాగమే. మట్టిని లోతుగా తిరగదోడి, గడ్డలు చిదిపి, రాళ్ళు ఏరి చదును చేస్తే నడుము, భుజాలు, పిడికిళ్ళు ఒకేసారి బలపడతాయి. పైగా తాను తవ్విన మట్టి మీద పడడానికి పిల్లవాడు భయపడడు.

అఖాడా మట్టి అంటే మామూలు మట్టి కాదు. జల్లెడ పట్టిన మెత్తని ఎర్రమట్టిలో నూనె, మజ్జిగ, పసుపు వంటివి కలుపుతారు. పడినా ఒళ్ళు చీరుకుపోకుండా, దెబ్బ తగిలినా పుండు పడకుండా ఈ జాగ్రత్త.

నేల మీద మొదటి పాఠం

కుస్తీలో గెలుపోటములను తేల్చేది వీపు. ప్రత్యర్థిని వెల్లకిలా పడవేసి వీపు నేలకు ఆనిస్తే అతడు చిత్తయినట్లు లెక్క. ఎవరినైనా చిత్తుగా ఓడించారని మనం అంటున్నప్పుడు ఆ మాటలో కుస్తీ గోదా మట్టివాసన ఉంది. బోర్లా పడినంత మాత్రాన ఓడినట్లు కాదు. అందుచేత నిలబడి చేసే కుస్తీ ఎంత ముఖ్యమో, నేల మీద పడ్డాక చేసే కుస్తీ అంత ముఖ్యం. కొత్తగా వచ్చిన కుర్రవాడికి తెలివైన వస్తాదు ముందు నేర్పేది నేల సంగతే.

మొట్టమొదట నేర్పేది పడడం. పడేటప్పుడు గడ్డాన్ని ఛాతీకి ఆనించి తల వెనుకభాగం నేలకు కొట్టుకోకుండా చూసుకోవాలి. భయంతో చేయి చాచి నేలను ఆపబోతే మణికట్టు విరుగుతుంది, మోచేయి తొలుగుతుంది. చేతులు దగ్గరకు తీసుకుని, శరీరం గుండ్రంగా చేసి పక్కకు దొర్లాలి. మొదట కూర్చున్నచోటి నుంచి పడడం, తరువాత గొంతుక్కూర్చుని పడడం, ఆ తరువాతే నిలబడి పడడం. ఇది ఒంటికి పట్టేదాకా మరొకరితో పట్టు పట్టనివ్వరు.

రెండవది కింద ఉన్నప్పుడు కాచుకోవడం. ఒక పిల్లవాడు మోకాళ్ళు, అరచేతులు నేలకు ఆనించి వంగుతాడు. మోకాళ్ళ మధ్య జానెడు ఎడం ఉండాలి. మోచేతులు డొక్కలకు అంటుకుని ఉండాలి. మోచేతికీ డొక్కకూ మధ్య సందు దొరికితే పైవాడి చేయి అందులో దూరుతుంది. చేయి దూరితే భుజం లేస్తుంది, భుజం లేస్తే వీపు తిరుగుతుంది. పైవాడు ఏ పక్కకు తిప్పబోతే ఆ పక్క చేతిని, మోకాలిని నేలకు గట్టిగా అదిమి అడ్డుకోవడం కిందివాడి పని.

మూడవది పైన ఉన్నప్పుడు అదుపు చేయడం. కొత్తవాడు పైకి ఎక్కగానే చేతుల బలంతో లాగడానికి చూస్తాడు. అది తప్పు. తన ఛాతీ బరువంతా కిందివాడి వీపు మీద మోపాలి. ఒక చేయి నడుము చుట్టూ వేసి, రెండవ చేత్తో కిందివాడి మణికట్టును వాడి కింద నుంచి లాగివేయాలి. నాలుగు కాళ్ళ మంచానికి ఒక కోడు తీసేస్తే ఏ పక్కకు ఒరుగుతుందో మనిషీ ఆ పక్కకే ఒరుగుతాడు. ఆ ఒరుగుడును పట్టుకుని తిప్పాలి. బలం కాదు, అదను ముఖ్యం.

నాల్గవది కింద నుంచి లేవడం. నడుము చుట్టూ ఉన్న చేతి మణికట్టును రెండు చేతులతో పట్టి విడదీసి, తుంటిని పక్కకు జరిపి, ఒక పాదం నేలకు ఊని నిలబడాలి. ఈ నాలుగూ వచ్చిన పిల్లవాడికి తరువాత ఎన్ని పట్లు నేర్పినా నిలుస్తాయి. రేవులో బట్టను బండకేసి బాదినట్టు ఎదుటివాడిని భుజం మీదుగా విసిరే ధోబీపాట్ వంటి ఘనమైన పట్లన్నీ ఆ తరువాతి సంగతి.

ఇద్దరూ మొదట నెమ్మదిగా, బలం పెట్టకుండా సాధన చేస్తారు. తరువాత సగం బలం, ఆఖరుకు నిజమైన పోటీ. ఇద్దరిలో పెద్దవాడిని కింద ఉంచి చిన్నవాడిని పైకి ఎక్కించడం మంచి వస్తాదు చేసే ఉపాయం. చిన్నవాడికి ధైర్యం వస్తుంది, పెద్దవాడికి ఓర్పు వస్తుంది. గొంతు నొక్కరాదు, వేళ్ళు విరవరాదు, కళ్ళలో మట్టి కొట్టరాదు. నొప్పి అని పిల్లవాడు చేత్తో తడితే ఆ క్షణమే పట్టు వదలాలి. ఈ కట్టుబాటు లేని గోదా గోదా కాదు.

జోధ్‌పూర్ పోటీ

గామా పేరు మొదటిసారి బయటకు వచ్చింది 1888లో. జోధ్‌పూర్ మహారాజు దేశంలోని వస్తాదులను పిలిపించి బస్కీల పోటీ పెట్టారు. నాలుగు వందలకు పైగా మల్లులు పాల్గొన్నారు. వారిలో పదేళ్ళ గామా ఒకరు. గంటలు గడిచేకొద్దీ పెద్ద పెద్ద పహిల్వాన్లు కూలబడ్డారు. చివరకు మిగిలిన పదిహేను మందిలో ఈ పిల్లవాడు ఉన్నాడు. వయసును బట్టి మహారాజు అతడినే విజేతగా ప్రకటించారు.

ఆ తరువాత దతియా మహారాజు గామా తిండి, సాధన ఖర్చులు భరించారు. యవ్వనం వచ్చేసరికి ఆయన సాధన ఊహకు అందని స్థాయికి చేరింది. రోజుకు మూడు వేల దండీలు, ఐదు వేల బస్కీలు తీసేవారని, అఖాడాలో నలభై మందితో ఒకరి తరువాత ఒకరితో పట్టు పట్టేవారని చెబుతారు. మెడలో వేసుకుని బస్కీలు తీసిన 95 కిలోల చక్రం పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో భద్రపరచబడి ఉంది. 1902లో బరోడాలో ఆయన ఎత్తిన పెద్ద బండరాయిని కూడా అక్కడి మ్యూజియంలో ఉంచారు.

అయితే ఈ లెక్కలు చూసి నేటి పిల్లలు మొదటి రోజే వందల బస్కీలు తీయబోవడం ప్రమాదకరం. గామా వెనుక ఏళ్ళ తరబడి మెల్లగా పెంచుకుంటూ వచ్చిన సాధన ఉంది.

ఏడడుగుల రహీం

ఆ కాలంలో దేశంలోకెల్లా పెద్ద వస్తాదు గుజ్రన్‌వాలాకు చెందిన రహీం బక్ష్ సుల్తానీవాలా. ఎత్తు దాదాపు ఏడడుగులు. గామా ఎత్తు ఐదడుగుల ఏడు అంగుళాలు మాత్రమే. 1895లో ఇద్దరూ మొదటిసారి తలపడ్డారు. కుర్రవాడు నిమిషాల్లో చిత్తవుతాడనుకున్న జనానికి ఆశ్చర్యమే మిగిలింది. ఎంతసేపటికీ గెలుపోటములు తేలలేదు. అనుభవంలో, ఎత్తులో తనను మించిన మల్లుడికి వీపు చూపకుండా నిలవడంతో గామా పేరు దేశమంతా మారుమోగింది. తరువాత పదిహేనేళ్ళలో ఆయన దేశంలోని పేరున్న వస్తాదులను ఒక్కొక్కరినీ ఓడించారు.

లండన్ గోదాలో

1910లో బెంగాలుకు చెందిన శరత్ కుమార్ మిత్రా ఖర్చు భరించగా గామా, ఇమాం బక్ష్ తదితరులు లండన్ వెళ్ళారు. పొట్టివాడన్న కారణంతో అక్కడి పోటీలలో గామాకు మొదట చోటు ఇవ్వలేదు. ఏ బరువువారైనా సరే, ముగ్గురిని ముప్పై నిమిషాలలో పడగొడతానని ఆయన సవాలు విసిరారు. ఆగస్టులో అమెరికాకు చెందిన డాక్టర్ బెంజమిన్ రోలర్ ముందుకు వచ్చారు. గామా ఆయనను మొదటిసారి రెండు నిమిషాలలోపు, రెండవసారి పది నిమిషాలలోపు పడగొట్టారు. తమ్ముడు ఇమాం బక్ష్ స్విట్జర్లాండ్ మల్లుడు జాన్ లెంను ఓడించారు.

అసలు పరీక్ష సెప్టెంబర్ 10న వచ్చింది. ప్రత్యర్థి పోలండుకు చెందిన స్టానిస్లావ్ జిబిస్కో. వంద కిలోలు దాటిన బలిష్ఠుడు. బహుమతి 250 పౌండ్లు, దానితోపాటు ప్రపంచ ఛాంపియన్ బెల్టు. పోటీ మొదలైన నిమిషంలోపే గామా అతడిని కింద పడవేశారు. ఇక ఆట ముగిసిందనుకున్నారు అంతా. కాని జిబిస్కో బోర్లా పడి నేలను కరుచుకున్నాడు. మోచేతులు దగ్గరకు తీసి, బరువంతా నేలకు మోపి కదలకుండా ఉండిపోయాడు. గామా ఎన్ని పట్లు వేసినా తిప్పలేకపోయారు. రెండున్నర గంటలకు పైగా ఇదే తంతు. చీకటి పడుతుండగా గెలుపోటములు లేవని ప్రకటించారు.

చూసినవారికి ఆ పోటీ విసుగు పుట్టించింది. పత్రికలు జిబిస్కోను దుయ్యబట్టాయి. కాని కుస్తీ తెలిసినవారికి అందులో ఒక పాఠం ఉంది. లోకంలోకెల్లా బలవంతుడు పైన ఉన్నా, కింద కాచుకోవడం తెలిసినవాడిని చిత్తు చేయడం అంత సులువు కాదు. పిల్లవాడికి మొదటి నెలలో నేర్పే పాఠమే ఆనాడు జిబిస్కో పరువు కొంత కాపాడింది. అయితే కాచుకోవడం ఒక్కటే వస్తే ఓడిపోకుండా ఉండవచ్చు గాని గెలవలేరు. వారం తరువాత సెప్టెంబర్ 17న మళ్ళీ పోటీ పెడితే జిబిస్కో రానే లేదు. బెల్టు గామాకు దక్కింది. ఆ రోజుల్లో పేరుమోసిన ఫ్రాంక్ గాచ్, హాకెన్‌స్మిత్ ఇద్దరూ గామాతో తలపడలేదు.

స్వదేశం తిరిగి వచ్చాక అలహాబాదులో రహీం బక్ష్‌తో మళ్ళీ పోటీ జరిగింది. ఈసారి గామా గెలిచి రుస్తుం-ఎ-హింద్ అనిపించుకున్నారు.

పటియాలాలో పాత బాకీ

పదిహేడేళ్ళు గడిచాయి. 1928 జనవరిలో పటియాలా మహారాజు ఆధ్వర్యంలో గామా, జిబిస్కో మళ్ళీ ఎదురయ్యారు. గామా వయసు యాభైకి దగ్గరపడింది. జిబిస్కో కూడా నడివయసు దాటాడు. వేల సంఖ్యలో జనం చేరారు. ఈసారి జిబిస్కోకు బోర్లా పడే అవకాశం గామా ఇవ్వలేదు. పట్టు పట్టిన క్షణాలలోనే నేరుగా వెల్లకిలా పడవేశారు. నిమిషం కూడా పట్టలేదు. లండన్‌లో రెండున్నర గంటల్లో తేలని లెక్క పటియాలా మట్టిలో రెప్పపాటులో తేలిపోయింది. నేల మీదికి వెళ్ళాక తిప్పడం కష్టమని తెలుసుకున్నవాడు, నేలకు చేరేలోపే పని ముగించాడన్నమాట. ఒకసారి ఎదురైన ఇబ్బంది నుంచి యాభై ఏళ్ళ వయసులో కూడా నేర్చుకోవచ్చని దీని వల్ల తెలుస్తోంది.

మరుసటి ఏడాది జెస్సీ పీటర్సన్ అనే మల్లుడిని కూడా ఆయన ఒకటిన్నర నిమిషంలో ఓడించారు. ఆ తరువాత ఆయనతో తలపడేవారే కరువయ్యారు.

నేర్చిన బలానికి అసలు పరీక్ష

దేశ విభజన నాటికి గామా లాహోరులోని మోహ్నీ రోడ్డు ప్రాంతంలో ఉన్నారు. ఇరుగుపొరుగున హిందువుల ఇళ్ళు ఉండేవి. 1947లో ఊళ్ళు తగలబడుతున్న రోజుల్లో అల్లరిమూకలు ఆ వీధిలోకి వస్తే గామా, ఆయన శిష్యులు అడ్డంగా నిలబడ్డారు. ఆ వీధిలో ఎవరి మీదా చేయి పడనివ్వలేదు. పరిస్థితి మరీ విషమించినప్పుడు ఆ కుటుంబాలను సరిహద్దు దాకా వెంట ఉండి సాగనంపారని, వారం రోజులకు సరిపడా తిండి సామగ్రిని సొంత డబ్బుతో ఇచ్చారని చెబుతారు.

గోదా బయట ఎవరి మీదా చేయి ఎత్తరాదన్నది అఖాడాలో పిల్లవాడికి పెట్టే మొదటి నియమం. నేర్చిన విద్య బలహీనుడిని కాపాడడానికే అన్నది రెండవది. గామా గెలిచిన పోటీలు ఎన్ని ఉన్నా, ఆ రోజు వీధిలో నిలబడడమే ఆయన జీవితంలోకెల్లా గొప్ప కుస్తీ అని చెప్పవచ్చు. ఆ కుస్తీకి బెల్టు లేదు, బహుమతి లేదు.

చివరి రోజులు

గామాకు కొడుకులు దక్కలేదు, చిన్న వయసులోనే పోయారు. తమ్ముడు ఇమాం బక్ష్ కొడుకులనే తన పిల్లలుగా చూసుకుని విద్య నేర్పారు. వారిలో భోలూ పహిల్వాన్ తరువాత పాకిస్తాన్‌లో పెద్ద వస్తాదుగా పేరు తెచ్చుకున్నారు. తండ్రి లేని తనకు మేనమామ చేసిన మేలును గామా ఈ విధంగా తీర్చుకున్నారు.

1952లో గోదా నుంచి పూర్తిగా తప్పుకున్నారు. సంస్థానాలు పోయాయి, ఆదరించే రాజులు లేరు. గుండెజబ్బు, ఉబ్బసం పట్టుకున్నాయి. మందులకు కూడా ఇబ్బంది పడే స్థితి వచ్చింది. ఈ సంగతి తెలిసి భారతదేశం నుంచి పారిశ్రామికవేత్త ఘనశ్యామదాస్ బిర్లా డబ్బు పంపి, నెలనెలా కొంత భృతి ఏర్పాటు చేశారు. పాకిస్తాన్ ప్రభుత్వం కూడా సాయం అందించింది. 1960 మే 23న, 82 ఏళ్ళ వయసులో, గామా లాహోరులో కన్నుమూశారు.

మన గోదాలకు మాట

మొక్కై వంగనిది మానై వంగునా అన్నారు పెద్దలు. అయితే మొక్కను వంచే చేయి మెత్తగా ఉండాలి, లేకపోతే విరిగిపోతుంది. జాతరలో పేరు వస్తుందన్న తొందరతో పడడం కూడా నేర్పకుండా పిల్లలను గోదాలోకి తోయడం తగదు. గోదాను లోతుగా తవ్వి రాళ్ళు ఏరించడం, ఈడు, బరువు చూసి జోడీలు కట్టడం, గొంతు, కీళ్ళ మీద పట్లు పడకుండా కన్నేసి ఉంచడం నిర్వాహకుల బాధ్యత. చిత్తయి ఏడుస్తున్న పిల్లవాడిని ఎగతాళి చేయకుండా భుజం తట్టడం చూసేవారి ధర్మం.

గామాకు పదేళ్ళ వయసులో ఒక మేనమామ, ఒక పార, జల్లెడ పట్టిన మట్టి ఉన్నాయి. ఆయన విద్యకు పునాది అదే. ఈసారి జాతరలో కొబ్బరికాయ కుస్తీ జరిగేటప్పుడు కడెం కుస్తీ కోసం తొందరపడకుండా కాసేపు ఆ పిల్లలను చూస్తే బాగుంటుంది. ఎవరు గెలిచారన్నది అంత ముఖ్యం కాదు. పడ్డవాడు ఎలా పడ్డాడు, ఎలా లేచాడు అన్నది చూడాలి.